మా నాన్నగారి కోసం వచ్చిన అందరికీ

మా నాన్నగారి పెద్దకర్మ అయింది. ఆ హడావిడిలో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాం. అమ్మ, తమ్ముడు, మనవలందరి తరఫున ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నమస్కారం మలికిపురం వైపు శివారు ఊళ్ల రైతులకి. నాన్న రిటైరై చాలా ఏళ్లయినా కబురు తెలియగానే ఆటోలు కట్టించుకుని వచ్చారు. ఆయన కాలువ మీద లస్కరు, అంటే పొలాలకి నీటి పంపకం చూసే ఉద్యోగి. మాకు సెంటు పొలం లేదు. పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) దాటిన నీరు చివరి తూము దాకా చేరాలంటే పైన వేసిన అడ్డుకట్టలు తీయించాలి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరి తగ్గి వంతులు పెట్టినప్పుడు టార్చి పట్టుకుని రాత్రంతా సైకిలు మీద గట్టునే ఉండేవారు. "పైనోళ్లకి నీళ్లు కాలువిస్తుంది, శివారోళ్లకి మనిషే ఇవ్వాలి" అనేవారు.

1996 నవంబరు 6 తుఫానులో మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. మమ్మల్ని బడిలో దించి, తెల్లారగానే కాలువ మీదకి వెళ్లిపోయారు. కొబ్బరిచెట్లు అడ్డంగా పడి నీరు కదలడం లేదు. అమ్మ ఈ సంగతి ఎప్పుడు చెప్పినా కోపంగా మొదలుపెట్టి గర్వంగా ముగిస్తుంది. ఆ రోజు ఆయన వెంట గొడ్డళ్లు పట్టుకొచ్చిన కుర్రాళ్లే, ఇప్పుడు తలలు నెరిసి వచ్చి పాడె మోశారు. మీ రుణం ఎలా తీర్చుకుంటాం!

"ఆ కాలువ నాకు సవతి" అనేది అమ్మ. నిజమే, పుట్టింటికి తీసుకెళ్లాలన్నా వేసవిలో కాలువలు కట్టేశాకే. జూన్‌లో ధవళేశ్వరంలో నీళ్లు వదిలారంటే మళ్లీ మాకు దొరికేవారు కాదు. రిటైరయ్యాక ఆ లోటంతా తీర్చారు. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక అమ్మకి కాఫీ కలిపిచ్చింది, తల దువ్వి జడ వేసింది ఆయనే. మనవలకి అరటిబోదె కట్టి ఈత నేర్పారు. దేవుడి పటాల పక్కనున్న గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పటానికి, ఆయన పుట్టినరోజు మే 15న దండ వేయడం కూడా వాళ్లకే అప్పగించారు.

కళ్లు దానం చేయాలన్నది ఆయన కోరిక. ఆ దుఃఖంలో మాకు గుర్తే లేదు. పక్కింటి అన్నయ్య గుర్తుచేసి, ఫ్యాను ఆపించి, రెప్పలు మూసి తడి దూది పెట్టించారు. ఆరు గంటల్లోపు తీయాలంటారు కదా, అర్ధరాత్రి లంక దారిలో టీమ్‌కి ఎదురెళ్లి దారి చూపించిన కుర్రాళ్లకి దండం. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లూ ఇవ్వొచ్చని మాకు అప్పుడే తెలిసింది. నాన్నకి రెండు కళ్లకీ అయింది. మీ ఇళ్లలోనూ ఈ మాట చెప్పండి.

కువైట్‌లో ఉన్న తమ్ముడికి టిక్కెట్టు తీయించి, ఎయిర్‌పోర్టు దాకా వెంట వచ్చిన మనవాళ్లకి, వాడు వచ్చేవరకు ఫ్రీజర్ బాక్సు, షామియానా పెట్టి అద్దె వద్దన్నాయనకి, మా ఇంట్లో పొయ్యి వెలగనప్పుడు క్యారేజీలు పంపిన వీధిలో అక్కలకి, పిన్నులకి పేరుపేరునా కృతజ్ఞతలు.

తమ్ముడు వచ్చే వారం వెళ్లిపోతాడు. అమ్మ ఇక్కడే ఉంటానంటోంది. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటున్నారు, నాన్న కబుర్లు చెబుతున్నారు. ఆ కాసేపే అమ్మ తేలిగ్గా ఉంటోంది. దయచేసి ఇంకొన్నాళ్లు అలాగే వస్తూ ఉండండి.