శనక్కాయ వేర్ల సంగతి

ఒరే మామా, ఎట్టున్నావ్? ఫోన్లో నువ్వు "యూరియా ఎయ్యకుండా పంట ఎట్టొస్తాది రా" అని నవ్వినావు చూడు, అది మూడ్రోజులు నా బుర్రలో తిరిగింది, అందుకే ఈ ఉత్తరం, కొట్లో గిరాకీ లేనప్పుడు తీరిగ్గా చదువు.

మొన్న వాన పడినాక చేను తడిగా ఉండంగానే నాలుగు శనక్కాయ చెట్లు పారతో మెల్లగా లేపి బకెట్ నీళ్లలో వేర్లు ఆడించినా. పక్కవేర్లు పుట్టే సందుల్లో ఆవగింజలంత బుడిపెలు. ఒకటి గోటితో చీలిస్తే లోపల ఎర్రగా మాంసం మాదిరుంది, గోరుకి కూడా అంటింది. అది లెగ్‌హీమోగ్లోబిన్ అంట, మన రక్తంలో ఎరుపుకి చుట్టం, ఆ రంగుంటే లోపలి బ్యాక్టీరియా గాల్లో నత్రజని పట్టి చెట్టుకి ఇస్తా ఉందని లెక్క. పక్క సాళ్లలో ఈ ఏడు కొన్న రకం, అది కూడా అదే రోజు విత్తిందే, దాని బుడిపెలు చీలిస్తే సగం తెల్లగా ఉన్నాయి. ఒకటే చేను, ఒకటే వాన, ఒకటే జీవామృతం!

మరి విత్తనాలు తయారుచేసేది ఎక్కడ చెప్పు, ఎరువు దండిగా వేసిన మళ్లల్లో, అక్కడ ఏది ఎక్కువ కాస్తే దాన్నే ఏరుకుంటా వచ్చినారు. నేల్లో నైట్రేట్, అంటే ఎరువు నుంచి వచ్చే నత్రజని, ఉంటే చెట్టు బుడిపెలు కట్టడం తగ్గించేస్తాది, ఉచితంగా తిండి దొరికినప్పుడు బ్యాక్టీరియాకి చక్కెర పెట్టి మేపడం దండగ కదా. అట్లాంటి మడిలో ఏ రకానికి సూక్ష్మజీవులతో పొత్తు బాగుందో ఎవరికి కనపడతాది? ఆ విత్తనమే తెచ్చి నా చేలో వేసి, సేంద్రియం పండలేదు అంటే ఎట్ట మామా?

నైజీరియాలో ఇబాడాన్‌లో ఐఐటీఏ అని పరిశోధన సంస్థ ఉంది. అమెరికా సోయా రకాలు అక్కడి నేలల్లో బ్యాక్టీరియాతో సరిగ్గా కలిసేవి కాదంట, బ్యాక్టీరియా ఉండే కల్చర్ పాకెట్ కొని విత్తనానికి పట్టించాల్సిందే, అవేమో పల్లెలకి చేరవు, చేరినా ఎండకి చస్తాయి. దాంతో వీళ్లు 1970ల చివర్నుంచి విత్తనాన్నే మార్చే పని పెట్టుకున్నారు, అక్కడి బ్యాక్టీరియాతోనే బుడిపెలు కట్టే ఆసియా సోయాలతో క్రాస్ చేసి టీజీఎక్స్ అనే రకాలు తీసినారు. మెక్సికోలో ఒవాహాకా కొండల మొక్కజొన్న ఇంకా విచిత్రం, కాండం మీద వేర్లకి జిగురు కారతాది, ఆ జిగురులో బ్యాక్టీరియా, 29 నుంచి 82 శాతం దాకా నత్రజని గాల్లోంచే అని 2018లో లెక్క తేల్చినారు.

నేనేదో బుడిపెల చెట్టు ఏరి దాని కాయలు దాచుకుంటే అయిపోదులే. శనక్కాయ తన పూవుకి తానే పుప్పొడి వేసుకునే పంట, ఒకే రకంలో ఏరితే పెద్ద తేడా రాదు. అందుకే వచ్చే ఖరీఫ్‌కి అయిదారు రకాలు పక్కపక్కనే వేస్తా, యూరియా, డీఏపీ ఏమీ ఉండవు, 40 రోజులకి వేర్లు చూస్తా, పెరికినాక కాయలు తూస్తా. బుడిపెలు ఎన్నున్నా గంప నిండకపోతే మా ఆవిడ ఊరుకోదు.

మీ అవ్వ ఏటా అటక మీద దాచే ఆ పాత రకం ఉంది కదా, రెండు సేర్లు పంపు. కాయతోనే పంపు రా, అలవాటు కొద్దీ ఒలిచి తెగుళ్ల మందు పట్టించేవు, అది బూజుతో పాటు బ్యాక్టీరియాకి కూడా ఎసరు పెడతాది. శనివారం బస్సుకి వేస్తే నేనొచ్చి తీసుకుంటా.