టీచరమ్మకూ, మా ఇంటికి తోడు నిలిచిన మీ అందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

పోయిన ఏడాది ఆగస్టులో స్త్రీల మైత్రి కూడికలో నా వంతు వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పలేక ఏడ్చేశాను. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "పిల్లల్ని ఇంట్లో చదివించడం నా వల్ల కావట్లేదు, ప్రార్థన చేయండి" అని ఒక్క మాట అని కూర్చున్నాను. ఆ రోజు ఎవరూ "నీకెందుకమ్మా ఈ తలనొప్పి, మళ్లీ స్కూల్లో వేసెయ్" అనలేదు. ప్రార్థన చేశారు, ఆ తర్వాత ఒక్కొక్కరుగా మా గడప తొక్కారు. ఆ మేలు మనసులో దాచుకుంటే సరిపోదనిపించి ఇది రాస్తున్నాను.

మేముండేది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో. మావారు గూడ్స్ బండ్ల లోకో పైలట్. బండ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్ ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. కాల్ వచ్చిందంటే రెండు గంటల్లో డ్యూటీలో ఉండాలి. అది మధ్యాహ్నం భోజనం మధ్యలో రావచ్చు, అర్ధరాత్రి రావచ్చు. క్యారియర్ సర్ది పంపిస్తే, అవతలి ఊళ్లో సిబ్బంది విశ్రాంతి గది, అదే రన్నింగ్ రూమ్‌లో పడుకుని, తిరుగు బండి ఎప్పుడు దొరికితే అప్పుడు ఇంటికి. పెద్ద డ్యూటీ చేసి వస్తే 16 గంటల రెస్ట్, మళ్లీ కాల్. పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు ఆయన ఇంట్లో, వాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు ఆయన బండి మీద. ఒక నెలలో చిన్నది వాళ్ల డాడీని మెలకువగా చూసింది ఆరు రోజులే.

పెద్దమ్మాయికి 11, బాబుకు 8, చిన్నదానికి 4 ఏళ్లు. బాబుకు చదవడం ఆలస్యంగా వస్తోంది. వాడు వెళ్లిన స్కూల్లో అందరి ముందు నిలబెట్టి చదివించేవారు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచేవాడు. ఈ రెండు కారణాల వల్లే ఇద్దరం మోకరించి ప్రార్థన చేసుకుని, జూన్‌లో పిల్లల్ని ఇంట్లో చదివించడం మొదలుపెట్టాం.

మొదలుపెట్టిన తీరే తప్పు. నేనొక టైమ్‌టేబుల్ గీశాను. ఉదయం 5కి లేవడం, 5:30కి కుటుంబ ప్రార్థన, 6:15కి వాక్యం కంఠస్థం, 8కి లెక్కలు, అలా రాత్రి 9 వరకు అరగంటకో గడి. రంగులు వేసి, జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి గోడకు తగిలించాను. పిల్లలు పని పూర్తవగానే స్కెచ్ పెన్నుతో టిక్ పెట్టాలి. మొదటి నాలుగు రోజులు ఎంత బాగుందో! ఐదో రోజు మావారు తెల్లవారుజామున 4కి వచ్చారు. ఆయనకు అన్నం పెట్టి పడుకోబెట్టేసరికి నా కళ్లు మూతలు పడుతున్నాయి. 5:30కి ప్రార్థన గడి ఉంది కదా అని పిల్లల్ని లేపాను. పాట పాడితే ఆయన నిద్ర చెడుతుంది, పాడకపోతే గడి ఖాళీ. చిన్నది ఏడ్చింది. ప్రార్థన చేయమని పిల్లల మీద అరిచాను. అవును, అరిచి ప్రార్థన చేయించాను. అప్పటినుంచి రోజూ అదే టెన్షన్.

ఆగస్టులో ఒక బుధవారం గోడ దులుపుతూ ఆ టైమ్‌టేబుల్ వైపు చూశాను. ప్రార్థన గడుల్లో ఆదివారం దాకా టిక్కులు ఉన్నాయి. మా పెద్దమ్మాయి రాబోయే నాలుగు రోజుల ప్రార్థనకు ముందే టిక్కులు పెట్టేసింది. ఎందుకని అడిగితే, "నువ్వు కోప్పడకుండా ఉంటావని" అంది. ఆ పిల్లను ఏమనను? దేవుని దగ్గరికి రావడాన్ని నేనే ఒక హోంవర్క్ చేసి దానికి అప్పజెప్పాను. నేను మీ ముందు ఏడ్చింది ఆ వారమే.

టీచరమ్మ డోర్నకల్ నుంచి వచ్చారు. మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి, 70 దాటిన వయసు, మోకాళ్ల నొప్పులు. ప్యాసింజర్ బండెక్కి, చేతిలో ఒక గుడ్డ సంచితో మా ఇంటికి వచ్చి మూడు రోజులున్నారు. మొదటి రెండు రోజులు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ మమ్మల్ని చూశారు, అంతే. మూడో రోజు పొద్దున బైబిలు నా చేతికిచ్చి ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం చదవమన్నారు. దేవుని మాటలు పిల్లలకు నేర్పమని, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాటి గురించి మాట్లాడమని ఉన్న చోటు. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు విన్నానో.

"ఇందుల టైమేమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగారు.

"లేదు టీచరమ్మా."

"నాలుగు పనులున్నయి. లేచుడు, కూసునుడు, నడుసుడు, పండుకునుడు. మీ ఆయనకు ఎప్పుడు కాల్ వచ్చినా ఈ నాలుగు మీ ఇంట్ల ఆగుతయా?"

ఆగవు. ఆయన డ్యూటీలో ఉన్నా, ఇంట్లో నిద్రపోతున్నా, ఎవరికైనా జ్వరం వచ్చినా, పిల్లలు లేస్తారు, కూర్చుంటారు, బయట నడుస్తారు, పడుకుంటారు. నేను మా దినచర్యను గడియారానికి కట్టాను. అసలు కట్టాల్సింది ఈ నాలుగింటికి. ఇంత చిన్న మాట నాకెవరో వచ్చి చెప్పాల్సి వచ్చింది, చెప్పినందుకు ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను.

అప్పుడు సంచిలోంచి ఒక పురికొస చుట్ట, నాలుగు చెక్క బట్టల క్లిప్పులు తీశారు. లామినేషన్ కాగితం ఉన్న చోటే పురికొస కట్టి క్లిప్పులు పెట్టించారు. ఒక్కో క్లిప్పుకు ఒక్కో పని. పాత పెళ్లి కార్డులు కత్తిరించి, వెనక తెల్లగా ఉన్న వైపు పెద్దమ్మాయితో చేయవలసినవి రాయించారు. 'లేవడం' దగ్గర ఒక పాట, బైబిల్లోని సామెతల గ్రంథం. సామెతలకు 31 అధ్యాయాలు కదా, ఈ రోజు తేదీ ఎంతైతే ఆ అధ్యాయమే. రెండు రోజులు తప్పిపోయినా బాకీ ఉండదు, వెనక్కి వెళ్లి చదవక్కర్లేదు, ఈ రోజు తేదీ తీయడమే. 'కూర్చోవడం' దగ్గర తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు. 'నడవడం' దగ్గర మొక్కలు, పిట్టలు, కంఠస్థ వాక్యాలు, బజారు లెక్కలు. 'పడుకోవడం' దగ్గర ఒక కథ, ప్రార్థన. లేవడం ఎన్నింటికైనా సరే, లేచాక మొదటి పని అదే. వరుస మారదు, వేళ మాత్రం ఏ రోజుదారోజు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి నెలకొక పాట పెట్టుకోమన్నారు. రోజుకొకటి మారిస్తే పిల్లలకు ఏదీ నిలవదట. టీచరమ్మ నానమ్మకు అక్షరం ముక్క రాదు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారి కాలంలో ఆ పల్లెల్లో చదువు రానివాళ్లెందరో బైబిలు కథల్ని పాటలుగా, నోటి మాటగా నేర్చుకున్నారు. డోర్నకల్ వెళ్లి 1939 నాటి ఆ కెథెడ్రల్ చూసినవాళ్లు దాని గుమ్మటాలూ స్తంభాలూ చూసి వస్తారు. ఆ గుడి నిండా కూర్చున్నవాళ్లలో ఎందరు పుస్తకం లేకుండా విశ్వాసం నేర్చుకున్నారో టీచరమ్మ చెబితే గాని నాకు తెలియలేదు. "సదువొస్తలేదని పిలగాన్ని ఏడిపియ్యకు. ముందు చెవుల వెయ్యి, నోటితోని తిరిగి చెప్పనియ్యి. అక్షరం ఎనకనే వస్తది" అన్నారు మా బాబు తల నిమురుతూ.

వారం తర్వాత ఒక రాత్రి ఏలీయా ప్రవక్త కథ చదివాను. బదరీ చెట్టు కింద పడిపోయి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్న చోటు. వాక్యం ముగించి బాబును తిరిగి చెప్పమన్నాను. వాడు దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కాసేపు పైకప్పు వైపు చూసి, "దూత వచ్చి ఏలీయాను తిట్టలేదమ్మా. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చింది. తర్వాత ఇంకోసారి లేపి ఇంకో రొట్టె పెట్టింది" అన్నాడు. ఒక్క తప్పు లేదు. స్కూల్లో నాలుగు వాక్యాలు చదవలేక వణికిన పిల్లాడు. దీపం ఆర్పేశాక చాలాసేపు నేను వాడి మంచం పక్కనే కూర్చున్నాను. ఆ మాట వాడు వాడి కోసం చెప్పాడో, నా కోసం చెప్పాడో నాకు తెలియదు.

ఇక మావారికీ వందనాలు. ఆయన రెస్ట్‌లో ఉన్న రోజు ఈ పురికొస చూసి, బాబును పక్కన కూర్చోబెట్టుకుని సిగ్నళ్ల రంగుల్లో అట్టముక్కలు చేశారు. తలుపు మీద ఆకుపచ్చ తగిలిస్తే మామూలు రోజు. రెండు పసుపు అట్టలు ఉంటే కాల్ రావచ్చు, ముఖ్యమైనవి ముందు కానివ్వాలి. ఒక్క పసుపు అయితే డాడీ నిద్రపోతున్నారు, రాత పని, బొమ్మలు, లేదా అందరం బయటికి. ఎరుపు అయితే జ్వరమో, చుట్టాలో, ఆ రోజు పాట, ప్రార్థన తప్ప ఇంకేమీ లేదు. అసలు సిగ్నల్లో ఒక్క పసుపుకూ రెండు పసుపులకూ తేడా ఏమిటో, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి ఎక్కడ సిద్ధపడాలో ఆయన చెబుతుంటే బాబు నోరు తెరిచి విన్నాడు. సైన్సు, సోషల్, డ్రాయింగ్ లాంటివి ఏ రోజు ఏది అని పెట్టుకోవడం మానేశాం. వరుసగా రాసుకుని, ఎక్కడ ఆగితే మళ్లీ అక్కడినుంచే. దీనికి ఆయన పెట్టిన పేరు లూప్ లైన్. "ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి నా గూడ్స్‌ను పక్క లైన్‌లో, అంటే లూప్‌లో పెడతారు. బండి రద్దయినట్టు కాదు గదా, లైన్ ఇవ్వగానే బయల్దేరుతుంది" అన్నారు. పాఠం ఆగిపోయిన రోజు నా గుండెలో ఉండే బరువు ఆ మాటతో సగం దిగింది.

బాబుకు ఇంగ్లీషు అక్షరాలు దగ్గరైంది కూడా ఇంజన్ల వల్లే. మా నడక ఎలాగూ స్టేషన్ వైపే. డబ్ల్యూఏజీ-9 అని ఇంజన్ మీద చూసి, డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, జీ అంటే గూడ్స్ అని విడదీసి చెబుతాడు. జీ బదులు పీ కనబడితే ప్యాసింజర్ ఇంజన్ అని వాడే మాకు చూపిస్తాడు.

పెద్దమ్మాయి భవిష్యత్తు గురించి అత్తమ్మకు చాలా బెంగ ఉండేది. సర్టిఫికెట్ లేకుండా ఈ పిల్ల ఏమవుతుంది అని. ఆ బెంగ తీర్చింది సికింద్రాబాద్ నుంచి వచ్చిన యవ్వనస్థుల కూడికలోని తమ్ముడు. ఎన్‌ఐఓఎస్, అంటే ఇంటినుంచే చదివి పరీక్షలు రాసే జాతీయ ఓపెన్ స్కూల్ గురించి కాగితం మీద రాసి మరీ వివరించాడు. అందులో చిన్న తరగతుల కోసం ఉన్న ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో 3, 5, 8 తరగతులతో సమానమైన మూడు మెట్లున్నాయని, 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చని, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయని, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయని, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదని చెప్పాడు. తెలుగు మీడియంలో కూడా రాయవచ్చని వినగానే అత్తమ్మ ముఖం విప్పారింది. ఇప్పుడు పెద్దమ్మాయికి తెలుగు చెప్పేది అత్తమ్మే. తమ్ముడూ, నువ్వు ఆ రోజు మూడు గంటలు ఓపిగ్గా కూర్చున్నావు, దేవుడు నిన్ను దీవించును గాక.

పక్క క్వార్టర్ అక్కకు కూడా. ఆమె మా మందిరానికి వచ్చే మనిషి కాదు, రోజూ పొద్దున్నే తులసి కోటకు దీపం పెట్టుకునే మనిషి. మా తలుపు మీద ఒక్క పసుపు అట్ట కనబడితే చాలు, చిన్నదాన్ని తీసుకెళ్లి తన ఇంట్లో ముగ్గులు నేర్పిస్తుంది, నేను పెద్దవాళ్లిద్దరితో కూర్చోవడానికి వీలుగా. ఏనాడూ మాట అడిగించుకోలేదు. అక్కా, నీకు వందనాలు. పాస్టరమ్మ గారికీ వందనాలు, ప్రతి శుక్రవారం ఫోన్ చేసి "ఈ నెల ఏ పాట?" అని పిల్లల చేత పాడించుకుంటున్నందుకు.

ఇప్పుడు అన్నీ చక్కబడ్డాయని కాదు. లెక్కల్లో భిన్నాల దగ్గర పెద్దమ్మాయి, నేను ఇద్దరం ఇంకా తడబడుతున్నాం. కొన్ని రోజులు రోజంతా ఎరుపు అట్టే ఉంటుంది. కానీ ప్రార్థన పేరెత్తితే పిల్లలు బిగుసుకుపోవడం పోయింది. పోయిన నెల మావారికి రాత్రి 11కి కాల్ వస్తే, పెద్దమ్మాయి తనంతట తనే లేచి వచ్చి, ఆయన బ్యాగు మీద చెయ్యి పెట్టి నాలుగు మాటలు ప్రార్థన చేసింది. ఎవరూ చెప్పలేదు. టిక్ పెట్టడానికి గడి కూడా లేదు.

ఈ దీపావళి సెలవుల్లో టీచరమ్మను చూడ్డానికి డోర్నకల్ వెళ్తున్నాం. కాల్ వచ్చి మావారు ఆగిపోతే పిల్లలూ నేనూ వెళ్తాం. ఆమె కోసం బాబు ఏలీయా కథ పెన్సిల్‌తో సొంతంగా రాస్తున్నాడు. ఇప్పటికి రొట్టె దగ్గరికి వచ్చాడు.