ఆదివారం మీటింగ్: కిస్తీ లారీల లెక్కలు

అన్నలకు తమ్ముళ్లకు నమస్తే 🙏

ఈ ఆదివారం పొద్దుగాల 10 గంటలకు మిర్యాలగూడ మన యూనియన్ ఆఫీసుల కూసుందాం. కిస్తీల మీద, లీజు మీద లారీ తీసుకున్నోళ్లంతా తప్పకుండ రావాలె.

డీజిల్ బిల్లులు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, కిరాయి చిట్టీలు పోయిన 3 నెలలవి పట్టుకరండి. అగ్రిమెంట్ జిరాక్స్ మరవొద్దు. రిపేరు ఖర్చు ఎవరిది, మధ్యల బండి వాపస్ ఇస్తే కట్టిన పైసలు ఏమైతయి, ఆఖరి కిస్తీ అయినంక ఆర్‌సీ ఎప్పుడు మన పేరు మీదికి వస్తది, ఇవేవీ చూడకనే చానామంది సంతకం పెడుతున్రు, అదే నాకు భయం.

చేతికొచ్చిన కిరాయంతా మన సంపాదన కాదన్నా. యాసంగి వడ్లు మిల్లులకొచ్చే రోజుల్ల లోడ్లు మస్తుగుంటయి, వానలు పడితే సిమెంటు లోడ్లు తగ్గుతయి, కిస్తీ తారీఖు మాత్రం ఆగదు కాబట్టి సీజన్లనే రెండు కిస్తీల పైసలు పక్కకు పెట్టుకోవాలె. టైర్లకు కిలోమీటరుకు 3 రూపాయలన్న వేరే ఖాతాల వెయ్యండి. ఇన్సూరెన్సు, రోడ్ టాక్సు, ఫిట్‌నెస్, పర్మిట్ నెలకింత అని పంచి రాసుకోండి. మీ జీతం గూడ ఖర్చుల రాయాలె, డ్రైవర్‌ను పెడితే ఇచ్చెటోళ్లమే కదా.

ఇంకోటి, 10 బండ్లు దాటనోళ్లు ట్రాన్స్‌పోర్టోళ్లకు పాన్ నంబరు, బండ్లు 10 దాటలేదని డిక్లరేషన్ రాసిస్తే కిరాయిల టీడీఎస్ (పైసలిచ్చేటప్పుడే పట్టుకునే ఇన్‌కమ్ టాక్సు) పట్టరు.

ట్రిప్పుల ఉన్నోళ్లు శనివారం సాయంత్రం లోపు బిల్లుల ఫొటోలు నాకు పర్సనల్‌గ పంపండి, గ్రూపుల పెట్టకండి. వచ్చెటోళ్లు 👍 కొట్టండి, చాయ్ చెప్పాలె.