చమురు మనదే, ధర మనది కాదు

సంపాదకులకు నమస్కారం.

2022 జూన్‌లో ఒక తెల్లవారుజామున నైట్ షిఫ్టు ముగించుకుని గేటు వైపు నడుస్తుంటే, మా కంట్రోల్ రూమ్ ఊడ్చి తుడిచే ఆవిడ నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగింది. ఆవిడ కాంట్రాక్టు మనిషి. నలభై మైళ్ల దూరం నుంచి పాత పికప్ ట్రక్కులో వచ్చేది. "మీరంతా రాత్రీ పగలూ ఇక్కడ గ్యాస్ తయారు చేస్తూనే ఉంటారు. మరి గేటు అవతల పంపు దగ్గర నాకింత ఎందుకవుతోంది?" అంది. అమెరికాలో పెట్రోలును గ్యాస్ అనే అంటాం. దేశం మొత్తమ్మీద గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) సగటు ధర చరిత్రలో మొదటిసారి 5 డాలర్లు దాటిన నెల అది. మా టెక్సస్‌లో కొంచెం తక్కువ, అయినా నాలుగున్నర పైనే. ఆవిడ ట్రక్కు గ్యాలన్‌కి 15 మైళ్లు ఇచ్చేది. రానూపోనూ 80 మైళ్లు. గంటకు 12 డాలర్ల కూలి మీద బతికే మనిషికి రోజుకు దాదాపు 25 డాలర్లు దారిలోనే కాలిపోయేవి. అంటే రోజూ మొదటి రెండు గంటల పని ట్రక్కు ట్యాంకుకే.

"ప్రపంచ మార్కెట్" అని ఏదో గొణిగి వచ్చేశాను. హ్యూస్టన్ షిప్ ఛానల్ ఒడ్డున ఒక రిఫైనరీలో 27 ఏళ్లు ఇంజినీరుగా పనిచేసినవాణ్ణి, ఆవిడకు అర్థమయ్యేలా నాలుగు మాటలు చెప్పలేకపోయాను. ఇప్పుడు రిటైరయ్యాను. ధరలు పెరిగినప్పుడల్లా మనవాళ్ల ఇళ్లలో, గుళ్లలో, వాట్సాప్‌లలో అదే వాదన మొదలవుతుంది. "ఇంకా తవ్వనిస్తే చవకవుతుంది" అని ఒకరు, "కంపెనీలు దోచుకుంటున్నాయి" అని ఇంకొకరు. ఆవిడకు ఆ రోజు చెప్పాల్సిన జవాబు మీ పత్రిక ద్వారా ఇప్పుడు చెబుతున్నాను.

ఈ దేశం 2018 నుంచి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ముడి చమురు తీస్తోంది. 2024లో రోజుకు 1 కోటి 32 లక్షల బ్యారెళ్లు. సౌదీ అరేబియా కంటే ఎక్కువ, రష్యా కంటే ఎక్కువ. ముడి చమురు, దాని ఉత్పత్తులు అన్నీ కలిపి లెక్కేస్తే 2020 నుంచి మనం కొనేదానికంటే అమ్మేదే ఎక్కువ. "ఇంధన స్వాతంత్ర్యం" అని నాయకులు యాభై ఏళ్లుగా మొక్కుకున్నది కాగితం మీద తీరిపోయింది. అది తీరిన రెండేళ్లకే పంపు దగ్గర 5 డాలర్లు చూశాం. ఇందులో కుట్రేమీ లేదు. చమురు ఎక్కడ పుట్టినా, దాని ధర పుట్టేది అక్కడ కాదు.

ఒక బ్యారెల్‌లో 42 గ్యాలన్లు. బ్యారెల్ మీద 10 డాలర్లు పెరిగితే గ్యాలన్ మీద దాదాపు 24 సెంట్లు పడుతుంది. 2022 మొదట్లో బ్యారెల్ 80 డాలర్ల దగ్గర ఉండేది. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకు వెళ్లింది, కొద్ది రోజుల్లోనే అది 120 దాటింది. ఈ 40 డాలర్లే గ్యాలన్‌కి 95 సెంట్లు. మనం రష్యా నుంచి తెచ్చుకునేది అప్పటికి చాలా కొద్ది. కానీ రష్యా చమురు వద్దనుకున్న ఐరోపా వ్యాపారి, పశ్చిమ టెక్సస్ చమురు ప్రాంతమైన మన పర్మియన్ బేసిన్‌లో తీసిన బ్యారెల్ కోసమే పోటీకి వచ్చాడు. అతను 120 ఇస్తానంటే, పర్మియన్ ప్రాంతపు ఊరు మిడ్‌ల్యాండ్‌లో బావి ఉన్న కంపెనీ హ్యూస్టన్ రిఫైనరీకి 80కి ఎందుకిస్తుంది? కెనడానే చూడండి. వాడుకునే దానికంటే ఎంతో ఎక్కువ తీసే దేశం. అక్కడి పంపు ధర కూడా మన ధరతో పాటే లేస్తుంది, దానితోనే దిగుతుంది.

"అయితే ఎగుమతి ఆపేస్తే పోలా?" అని మా బావమరిది అడిగాడు. చాలామందికి వచ్చే ఆలోచనే. దీన్ని మనం నలభై ఏళ్లు చేసి చూశాం. 1975లో ముడి చమురు ఎగుమతిని చట్టంతో కట్టేశారు, 2015 డిసెంబరులో ఆ కట్టు విప్పారు. కానీ ఆ నలభై ఏళ్లలో చాలావరకు రిఫైనరీలో తయారైన గ్యాసోలిన్, డీజిల్ బయటికి అమ్ముకోవచ్చు. కాబట్టి పంపు ధర అప్పుడూ ప్రపంచ ధర వెంటే నడిచింది. ఇది మొదటి చిక్కు.

రెండో చిక్కు నా చేతుల మీదుగా నడిచింది కనుక దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. చమురంతా ఒకటి కాదు. వెనెజువెలా, మెక్సికో, కెనడాల నుంచి వచ్చేది చిక్కటి బరువు నూనె, గంధకం ఎక్కువ. మన షేల్ రాతి పొరల నుంచి వచ్చేది పల్చటి తేలిక నూనె. గల్ఫ్ తీరపు రిఫైనరీలు 1990ల నుంచి కోట్లాది డాలర్లు పోసి కోకర్లు కట్టుకున్నాయి. అడుగున మిగిలే తారు లాంటి మడ్డిని మళ్లీ బాగా వేడెక్కించి, విరగ్గొట్టి, అందులోంచి కూడా గ్యాసోలిన్, డీజిల్ పిండే యంత్రాలవి. బరువు నూనె చవకగా దొరుకుతుంది కాబట్టి ఆ ఖర్చు గిట్టుబాటయ్యేది. ఆ తర్వాత షేల్ వచ్చింది. పల్చటి నూనె వాటా పెంచితే, ముడి చమురును మరిగించి వేరుచేసే మా టవర్ పైభాగం ఆవిర్లతో నిండిపోయి ఇక పట్టేది కాదు, కింద కోకర్‌కేమో చాలినంత మడ్డి దిగేది కాదు. పైన పొంగు, కింద పస్తు. రెండూ సరిపెట్టడానికి బయటి నుంచి బరువు నూనె తెచ్చి కలిపేవాళ్లం. అందుకే ఈ దేశం రోజుకు 40 లక్షల బ్యారెళ్లు అమ్ముతూనే 60 లక్షలకు పైగా కొంటుంది. కొనేదాంట్లో సగానికి పైగా కెనడాదే. తవ్వకం పెంచినంత మాత్రాన ఈ పొంతన కుదరదు. కొత్త యూనిట్లు కట్టాలంటే ఏళ్లు పడుతుంది. ముప్పై ఏళ్ల పాటు గిరాకీ ఉంటుందన్న నమ్మకం లేకుండా ఏ కంపెనీ అంత డబ్బు పెట్టదు.

ఇక రాజకీయం. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. నవంబరు 7న అధ్యక్షుడు నిక్సన్ టీవీలో కనిపించి, 1980 నాటికి ఇంధనం కోసం ఎవరి మీదా ఆధారపడం అన్నారు. 1979 జులైలో అధ్యక్షుడు కార్టర్, 1977లో కొన్నదానికంటే ఎక్కువ విదేశీ చమురు ఇక ఎన్నటికీ వాడబోమన్నారు. 2005కి వచ్చేసరికి మన వాడకంలో 60 శాతం దిగుమతే. మాట ఇచ్చినవాళ్లంతా అబద్ధాలకోరులని నేను అనను. అధ్యక్షుడి బల్ల మీద ధర తిప్పే మీట ఉందని ప్రజలను నమ్మనిచ్చారు, అక్కడే తప్పు జరిగింది. తగ్గితే తమ గొప్ప అని చెప్పుకున్నవాళ్లు, పెరిగితే నింద కూడా మోయాల్సి వస్తుంది. ఎన్ని బావులు తవ్వాలో టెక్సస్‌లో తేల్చేది వైట్ హౌస్ కాదు, చమురు ధర, కంపెనీల వాటాదారులు. 2020 ఏప్రిల్‌లో ఒక రోజు బ్యారెల్ ధర సున్నా కంటే కిందికి, మైనస్ 37 డాలర్లకు పడిపోయింది. మా ఊళ్లో ఎందరో స్నేహితులు ఆ ఏడాది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ దెబ్బ తిన్న కంపెనీలు తర్వాత ధర లేచినా తొందరపడి తవ్వలేదు. అది ఏ పార్టీ చేసిన పనీ కాదు.

ప్రభుత్వం చేతిలో నిజంగా ఉన్నవి రెండు. రెండింటినీ పాడుచేసుకుంటున్నాం. అదే నా బాధ.

ఒకటి, అత్యవసర నిల్వ. టెక్సస్, లూసియానా తీరాల్లో నేల లోతున ఉప్పు గుహల్లో 71 కోట్ల బ్యారెళ్లు దాచగల చోటుంది. యుద్ధమో తుపానో వచ్చి చమురు ఆగినప్పుడు వాడుకోవడానికి 1975 చట్టంతో కట్టుకున్నది. 2022లో యుద్ధం వచ్చింది, బైడెన్ 18 కోట్ల బ్యారెళ్లు వదిలారు. దాన్ని నేను తప్పుపట్టను, నిల్వ ఉన్నదే అందుకు. కానీ అంతకుముందు 2015 నుంచి కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఏం చేసింది? రోడ్లకనీ ఇంకో ఖర్చుకనీ, శాంతి కాలంలోనే ఈ చమురు అమ్మమని చట్టాల్లో రాసుకుంటూ పోయింది. రెండు పార్టీలూ వాటికి ఓటేశాయి. 2020 వసంతంలో బ్యారెల్ 25 డాలర్లకు దొరుకుతుంటే, నింపుదామని ట్రంప్ ప్రభుత్వం అడిగిన 300 కోట్ల డాలర్లు కాంగ్రెస్ ఇవ్వలేదు. 2023 వేసవికి నిల్వ 35 కోట్ల బ్యారెళ్లకు పడింది. నలభై ఏళ్లలో అంత తక్కువ లేదు. చవకైనప్పుడు కొని కరువులో తీయాల్సిన గాదెను మనం తలకిందులుగా నడిపాం.

రెండోది, గ్యాలన్‌కి ఎన్ని మైళ్లు అన్నది. అదే 1975 చట్టం కార్ల కంపెనీలకు మైలేజీ నిబంధన పెట్టింది. 1978లో 18 మైళ్లు, 1985కి 27.5 మైళ్లు చేయాలంది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి, చేసి చూపించాయి. ఏ తవ్వకమూ ఇవ్వని స్వాతంత్ర్యం అది. ధర ఎవరు పెంచినా, మనకు కావలసిన గ్యాలన్లే తగ్గిపోతాయి. ఆ తర్వాత పాతికేళ్లు కార్ల నిబంధనను దాదాపు అక్కడే వదిలేశాం, పికప్‌లకూ ఎస్‌యూవీలకూ వేరే సులువు లెక్క పెట్టాం. జనం వాటివైపే మళ్లారు. 2025 జులైలో సంతకమైన చట్టం నిబంధన తప్పిన కంపెనీ కట్టాల్సిన జరిమానాను సున్నా చేసింది. జరిమానా లేని నిబంధన సలహా మాత్రమే. అదే చట్టంతో ఎలక్ట్రిక్ కారు కొంటే వచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ కూడా సెప్టెంబరు ఆఖరుకు ఆగిపోయింది. చమురు మీద బతికి పిల్లల్ని చదివించుకున్నవాణ్ణి ఈ మాట అంటుంటే మా పాత సహోద్యోగులకు కోపం రావచ్చు. వాళ్లకీ తెలుసు, గల్ఫ్ దేశాల చమురు ఓడలు దాటే హోర్ముజ్ జలసంధిలో ఒక ఓడ ఆగితే మా పంపు బోర్డు మీద అంకె మారుతుందని.

ఓటు హక్కున్న మనవాళ్లకు నా మనవి ఒకటే. ఈసారి కాంగ్రెస్ అభ్యర్థి మన సంఘాల సభలకు వచ్చినప్పుడు, గ్యాస్ ధర ఎంతకు దించుతారని అడగకండి. నిల్వ ఎప్పటికి నింపుతారు, మైలేజీ జరిమానా తిరిగి పెడతారా, పాత ట్రక్కు తప్ప గతిలేని మనిషికి తక్కువ తాగే బండి కొనుక్కోవడానికి ఏం సాయం చేస్తారు అని అడగండి.

ఆ ఏడాది ఆగస్టులో ఆవిడ మా దగ్గర మానేసింది. వెళ్లే ముందు లెక్క చెప్పింది. ఇక్కడ ఎనిమిది గంటలకు 96 డాలర్లు, గ్యాస్ పోను 71. ఇంటి పక్క బడిలో గంటకు 9 డాలర్లే, కానీ నడిచి వెళ్లొచ్చు, 72. పైగా రోజూ రెండు గంటలు పిల్లల దగ్గర ఉండొచ్చు అంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రిఫైనరీ ఇంజినీరు,
హ్యూస్టన్, టెక్సస్