రద్దు బటన్ ‘రదు’ అయితే తప్పు అనువాదకులది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

యాప్‌లలో తెలుగు చదవలేకపోతున్నాం, అనువాదం చేసేవాళ్లకు భాషే రాదు అని చాలామంది తిడుతుంటారు. కొన్నిచోట్ల నిజమే, అర్థం పర్థం లేని వాక్యాలు నేనూ చూశాను. కానీ ఒత్తులు తెగిపోవడం, పేరు సగంలో ఆగిపోవడం, టైప్ చేస్తుంటే అక్షరాలు రెండేసి పడటం, వీటిలో అనువాదకుడి పాపం ఏమీ లేదు. కారణం నాలాంటి వాళ్లం. నేను హనుమకొండలో ఇంటి నుంచే పనిచేసే ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌ని, అంటే తెర మీద కనిపించే భాగానికి కోడ్ రాసేవాణ్ని. బటన్లు, పేరు రాసే బాక్సులు, తేదీ ఎంచుకునే క్యాలెండర్లు మా టీమ్ తయారుచేసి ఒక లైబ్రరీలో పెడుతుంది, మిగతా టీములు వాటిని తీసుకెళ్లి తమ యాప్‌లలో బిగించుకుంటాయి. అంటే మా దగ్గర కొలత తప్పితే ఎన్ని యాప్‌లలోకి వెళ్తే అన్నింటిలోనూ తప్పుతుంది.

పోయిన నెల మా అమ్మ ఫోన్ పట్టుకొచ్చి ‘గీ రదు అంటే ఏందిరా?’ అని అడిగింది. చూస్తే అది రద్దు. కింద ఉండాల్సిన ద ఒత్తును ఎవరో బ్లేడుతో కోసినట్టుంది. ఆ బటన్ నేను రాసిందే.

సంగతేంటంటే, బటన్‌లో మాట పొడుగైతే చివర మూడు చుక్కలు పడాలని, హద్దు దాటిన భాగాన్ని దాచేయమని ఒక లైను రాశాను. వరుస ఎత్తును సరిగ్గా అక్షరం సైజంతే పెట్టాను. ఇంగ్లీషుకు అది చక్కగా సరిపోయింది. మన ఒత్తులేమో అక్షరం కింద ఇంకో అంతస్తు కట్టుకుంటాయి కదా, అవి దాచేసే భాగంలోకి వెళ్లిపోయాయి. వరుస ఎత్తు పెంచితే సరిపోయింది, ఐదు నిమిషాల పని.

మరి మా కోడ్‌ను దానంతటదే పరీక్షించే టెస్టులు లేవా అంటారేమో. ఆ ఒక్క బటన్‌కే ముప్పైకి పైగా ఉన్నాయి, అన్నీ పాస్. కానీ అవి నడిచేది జేఎస్‌డామ్ అనే ఉత్తుత్తి బ్రౌజర్‌లో. బటన్ ఉందా, నొక్కితే పని జరిగిందా అనేది అందులో తెలుస్తుంది గానీ అది దేన్నీ గీయదు, బటన్ ఎత్తెంత అని అడిగితే సున్నా అంటుంది. అందుకే స్టోరీబుక్ అనే టూల్‌లో ఒక్కో కాంపోనెంట్‌ను (బటన్, బాక్సు లాంటి ఒక్కో ముక్కను) విడిగా తెరిచి, ఫొటో తీసి పాత ఫొటోతో పోల్చే టెస్టులు కూడా పెట్టుకున్నాం. నవ్వొచ్చే ముచ్చట ఇక్కడే ఉంది. ఆ టెస్టులు నడిచే లినక్స్ మెషిన్‌లో తెలుగు ఫాంటే లేదు! తెలుగు ఉన్నచోటల్లా ఖాళీ డబ్బాలు పడితే, మొదటి ఫొటోలోని ఆ డబ్బాలనే సరైన బొమ్మ అని ఒప్పేసుకున్నాం (ఒప్పిన మహానుభావుణ్ని నేనే), ఆ తర్వాత ప్రతిసారీ డబ్బాలను డబ్బాలతో పోల్చుకుని పాస్, పాస్ అంటూ మూడు నెలలు గడిపేశాం. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, ఎక్కించడానికి ఎంతోసేపు పట్టదు.

పేరు బాక్సుది ఇంకో కథ. శ్రీలక్ష్మి అని రాస్తే మన కంటికి మూడక్షరాలు. మేము కోడ్ రాసే భాష జావాస్క్రిప్ట్ మాత్రం గుణింతాన్ని, పొల్లును కూడా విడివిడిగా లెక్కేసి పదకొండు అంటుంది. పది దాటకూడదని హద్దు పెడితే చివరి గుడి ఎగిరిపోయి శ్రీలక్ష్మ మిగులుతుంది. బ్రౌజర్లలో ఇంటల్ సెగ్మెంటర్ అని ఒకటుంది, అక్షరాలను కంటికి కనిపించే తీరులో విడదీయడానికే. అయితే ఒత్తక్షరాన్ని విడగొట్టకూడదనే నియమం తెలుగుకు వచ్చింది 2023 సెప్టెంబరులో, కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ప్రమాణమైన యూనికోడ్ 15.1 వెర్షన్‌తో. పాత ఫోన్లు అదే పేరును ఆరుగా లెక్కిస్తాయి. అక్షరాలు రెండేసి పడటం కూడా ఇలాంటిదే, ఇంగ్లీషులో కొట్టి తెలుగు తెప్పించే కీబోర్డుల్లో మాట ఇంకా తయారవుతుండగానే మా కోడ్ మధ్యలో దూరి దిద్దేస్తుంది. టెస్టులో మీటలు ఒక్కొక్కటిగా నొక్కిస్తాం కాబట్టి అది మాకెప్పుడూ కనిపించదు.

ఇది చిన్న కంపెనీల గోల అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరం ఒకానొక తీరులో మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, యాపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అప్పుడు మనమంతా దాన్ని జోకుగా ఫార్వర్డ్ చేసుకున్నాం, నేనూ చేశాను.

ఇక్కడ వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఒక మాట. ప్రాజెక్టులో టెస్ట్ పేరు అనగానే జాన్ డో అనే ఉత్తుత్తి ఇంగ్లీషు పేరు కొట్టేస్తారు, నేనూ పదేళ్లు అదే కొట్టాను. దాని పక్కన శ్రీలక్ష్మి, ఊరు దగ్గర వర్ధన్నపేట వేసి చూడండి, ఎక్కడ తెగుతుందో మొదటి రోజే తెలుస్తుంది. ఇక యాప్‌లో తెగిన అక్షరం కనిపించినవాళ్లు తిట్టుకుని వదిలేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఫీడ్‌బ్యాక్‌లో పంపండి, ఫోన్ మోడల్‌తో సహా. మా అమ్మ చూపించకపోతే నాకూ తెలిసేది కాదు.

ఆమె ఫోన్‌లో ఇప్పుడు రద్దు రద్దులాగే ఉంది. పాత ఫోన్లలో శ్రీలక్ష్మి మాత్రం ఇంకా ఆరు దగ్గరే ఆగింది, దాని పని నడుస్తోంది.

– ఒక డెవలపర్, హనుమకొండ