బుజ్జి బెంగళూరు చేరింది, మీ అందరికీ పేరుపేరునా థాంక్స్

అందరికీ నమస్తే. మన బెజవాడ ఆటోనగర్‌లో దొరికిన హస్కీ కుక్క బుజ్జి ఎలా ఉందని రోజూ అడుగుతున్నారు కదా, నిన్న తెల్లారేసరికి బెంగళూరులో కొత్త ఇంటికి చేరిపోయింది, వెళ్లగానే గిన్నెడు పెరుగన్నం తిని గచ్చు మీద హాయిగా పడుకుందట. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పాను గానీ మనసు నిండలేదు, అందుకే ఇక్కడ అందరి ముందూ చెబుతున్నా.

మొదటి దండం ఆటో అన్నకి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అలాంటి మధ్యాహ్నం లారీ నీడలో నాలుక వేలాడేసి పడి ఉన్న కుక్కని చూసి, అన్న చేతిలో ఉన్న బేరం వదులుకుని గోనెసంచి తడిపి సీటు మీద పరిచాడు. డాక్టరమ్మ గారు ఫోన్లో చెప్పినట్టు ఐసు నీళ్లు కాకుండా మామూలు కుళాయి నీళ్లే పొట్ట మీద, పాదాల మీద పోశాకే బండి కదిలించాడు. కుక్కకి మామూలుగా ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, బుజ్జికి ఆసుపత్రికి వచ్చాక కూడా 106 ఉంది. కిరాయి ఇవ్వబోతే వద్దన్నాడు.

హస్కీ సైబీరియాలో చుక్చీ జనం మంచులో బండ్లు లాగడానికి పెంచుకున్న జాతి. 1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి డిఫ్తీరియా మందు మోసుకెళ్లింది కూడా ఈ జాతి కుక్కలే. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి దించుకోవాలి, మన బెజవాడ ఉక్కలో ఆ రొప్పడం కూడా పనిచెయ్యదు. గుండు కొట్టించమని చాలామంది సలహా ఇచ్చారు, ప్రేమతోనే అన్నారు, కానీ ఆ పైబొచ్చే ఎండ తగలకుండా కాపాడుతుందని డాక్టరమ్మ వద్దన్నారు. ఆవిడే కూర్చుని ఊడిన లోపలి బొచ్చంతా దువ్వి తీశారు, డ్యూటీ అయిపోయాక!

వడదెబ్బ నుంచి తేరుకుంది అనుకునేలోపు ముక్కు నుంచి రక్తం. బొచ్చు లోపల అన్నీ గోమార్లే, వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, హిమోగ్లోబిన్ 4. రక్తం ఎక్కించకపోతే కష్టం అన్నారు. అప్పుడు మీరు షేర్ చేసిన పోస్టు చూసి గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుటుంబం వాళ్ల లాబ్రడార్‌ని కార్లో ఎక్కించుకుని రాత్రికి రాత్రే వచ్చేశారు. రక్తం ఇచ్చే కుక్క పాతిక కిలోలైనా ఉండాలి, టీకాలన్నీ వేసి ఉండాలి, దానికి ఏ జబ్బూ ఉండకూడదు, ఇవన్నీ చూసి గ్రూపు కలిసిందో లేదో పరీక్ష చేశాకే తీశారు. రక్తం తీస్తున్నంతసేపూ ఆ ఇంటి చిన్నపాప దాని చెవులు నిమురుతూ కూర్చుంది. ఆ కుటుంబానికి ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో నాకు తెలీదు. మీ దగ్గర ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఉంటే దయచేసి మాకు చెప్పి ఉంచండి, ఇలాంటి రాత్రి మళ్లీ వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో మాకు తెలిసి ఉంటుంది.

మా ఓనర్ పిన్నిగారికి, మా వీధి పెద్దలకి ప్రత్యేకంగా చెప్పాలి. హస్కీ పెద్దగా మొరగదు, ఊళ పెడుతుంది, అదీ నడిరాత్రి. కుక్క ఏడిస్తే ఇంటికి మంచిది కాదని నమ్మేవాళ్లు మా వీధిలో ఉన్నారు, అయినా ఎవరూ గొడవ పెట్టలేదు. పిన్నిగారైతే కరెంటు పోయినప్పుడు మా గదిలో ఫ్యాను ఆగకుండా వాళ్ల ఇన్వర్టర్ నుంచి వైరు లాగించారు, "దానికి మాత్రం ఇష్టమై ఏడుస్తుందా అమ్మా" అన్నారు.

ఫోటోలు చూసి హస్కీ పిల్ల ఎంతకి దొరుకుతుందని మెసేజ్‌లు పెట్టినవాళ్లకి ఒక మాట. దయచేసి కొనకండి. అమ్మకానికి పెంచే పనిమీద విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం 2016లోనే ఆపేసింది. ఇక్కడ పెంచి అమ్మేవాళ్లు కుక్కల పెంపకం, అమ్మకాల మీద వచ్చిన 2017 రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఇక పెంచిన కుక్కని రోడ్డు మీద వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే, కానీ మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. నిజంగా హస్కీ కావాలంటే ఏసీ గది, ఎత్తు ప్రహరీ, తెల్లవారుజామున పరిగెత్తించే ఓపిక ఉన్నాయో లేదో చూసుకుని మమ్మల్ని అడగండి, వదిలేసినవే మా దగ్గర ఎదురు చూస్తున్నాయి.

బెంగళూరు వాళ్లని వీడియో కాల్లో ఇల్లంతా చూపించమని విసిగించాను, ఓపిగ్గా చూపించారు. రైలు బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్సులో ఈ వేడికి పంపడానికి మనసొప్పలేదు, మన వాలంటీర్ తమ్ముళ్లిద్దరు సొంత కారులో సాయంత్రం బయల్దేరి రాత్రంతా మార్చిమార్చి నడుపుతూ చిత్తూరు, కోలారు మీదుగా తీసుకెళ్లారు. తమ్ముళ్లూ, ముందు నిద్రపోండి.

వంద పంపినవాళ్లూ ఉన్నారు, ఐదువేలు పంపినవాళ్లూ ఉన్నారు, అందరి డబ్బూ ఆసుపత్రికీ మందులకీ డీజిల్‌కే వెళ్లింది. కాస్త మిగిలింది, దాన్ని భవానీపురంలో దొరికిన ఇంకో హస్కీ రక్తపరీక్షలకి వాడుతున్నాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, వెనక్కి పంపేస్తాను. బిల్లులన్నీ ఉన్నాయి, అడిగినవాళ్లకి ఫోటో తీసి పంపిస్తా.