దసరాకు బండి కావాలన్న వాళ్లకు

హనుమకొండలోని నా మెకానిక్ షెడ్డులో బుల్లెట్ బండ్లు రిపేరుకు వదిలిన అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. "ఇంజన్ పని అయిపోయింది కదా, ఫ్రేమ్‌కు ఎక్కించడానికి ఇన్ని రోజులా?" అని ఈ మధ్య చాలామంది ఫోన్ చేస్తున్నారు. అడగాల్సిన మాటే. అడ్వాన్స్ ఇచ్చారు, పండగ దగ్గరపడుతోంది. అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా: బోరింగ్ (సిలిండర్ లోపల అరగదీయడం) అయ్యి, కొత్త పిస్టన్ పడి, బల్ల మీద సిద్ధంగా ఉన్న ఇంజన్లలో కొన్ని దసరాలోపు రోడ్డెక్కవు. ఎందుకో చెబుతా.

పాత కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజన్ బుల్లెట్ 350 ఫ్రేమ్‌ను ఇంజన్ దించాక ఒకసారి వచ్చి చూడండి. ముందు నుంచి ఒకే పైపు కిందికి దిగి అక్కడే ఆగిపోతుంది. ఇంజన్ కింద పైపు ఉండదు. ఆ ఖాళీని కలిపి పట్టుకునేది ఇంజనూ, దాని ప్లేట్లే. ఇంటికి దూలం ఎట్లాగో ఆ ఫ్రేమ్‌కు ఇంజన్ అట్లా. ఏళ్లకేళ్లు కంకర రోడ్ల మీద తిరిగి, ఎక్కడో పడి, ఎవరి దగ్గరో వెల్డింగ్ పెట్టించుకున్న ఫ్రేమ్‌లో కొలతలు తప్పుతాయి. ఈ వారం నర్సంపేట వైపు నుంచి వచ్చిన బండికి అదే జరిగింది. ఇంజన్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే పొడుగు బోల్టులు, అంటే స్టడ్లు, వెనక చక్కగా కూర్చున్నాయి, ముందు మాత్రం ఫ్రేమ్ రంధ్రానికీ ఇంజన్ కేసు (బయటి పెట్టె) రంధ్రానికీ సగం తేడా. రాడ్డు పెట్టి ఎత్తి, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే స్టడ్ దిగుతుంది. బండి స్టార్ట్ కూడా అవుతుంది. కానీ ఆ బలమంతా అల్యూమినియం కేసు చెవి (స్టడ్ దూరే రంధ్రం ఉన్న భాగం) మీదే ఉంటుంది, ఏదో ఒక రోజు అది పగులుతుంది. నా షెడ్డులో ఆ పని చేయను. స్టడ్ చేత్తో నెడితే పోవాలి. పోకపోతే ఫ్రేమ్ సరిచేయాలి, సందు ఉన్నచోట సరైన మందం వాషర్ లేత్ మీద తీయించాలి. అన్నీ వదులుగా పెట్టి, ఒక్కొక్కటీ బిగించి, ఇంజన్ పైభాగాన్ని ఫ్రేమ్‌కు కలిపే హెడ్ పట్టీ చివర్న బిగించాలి.

కేసు పగిలితే ఖర్చు ఒక్కటే కాదు. ఇంజన్ నంబరు దాని మీదే ఉంటుంది. కేసు మార్చితే మీ ఏపీ 36 ఆర్సీలో నంబరు కలవదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఏ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. అంత టెన్షన్ మీకు పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇంజన్ కూర్చున్నాక క్లచ్ వైపు రెండు పళ్లచక్రాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూస్తాం. తర్వాత ప్లగ్ తీసేసి, ఇంజన్ పైన వాల్వులను నొక్కే రాకర్‌కు వెళ్లే ఆయిల్ పైపు బోల్టు కాస్త వదులు చేసి కిక్ కొడుతూ ఉంటాం. అక్కడ ఆయిల్ ఊరడం కంటితో చూశాకే ప్లగ్ పెడతాం. ఆయిల్ పైకి రాకముందే స్టార్ట్ చేస్తే మీరు డబ్బు పెట్టి చేయించిన పనంతా లోపల గీరుకుపోతుంది.

రేటు సంగతి. ఫ్రేమ్ సరిగ్గా ఉంటే ముందు చెప్పిన మొత్తమే. సరిచేయాల్సి వస్తే లేత్ కూలి, వెల్డింగ్ కూలి వేరు. ఫోన్ చేసి, మీరు సరే అన్నాకే పని మొదలుపెడతా.

బండి చేతికి రాగానే ములుగు రోడ్డు మీద ఎక్సలేటర్ తిప్పాలనిపిస్తుంది. దయచేసి మొదటి 500 కిలోమీటర్లు 50 స్పీడు దాటించకండి. 500కు తీసుకొస్తే ఆయిల్ మార్చి, బోల్టులన్నీ మళ్లీ బిగించి ఇస్తాను. దానికి కూలి తీసుకోను, ఆయిల్ డబ్బులు ఇస్తే చాలు.

ఇంజన్ ఎక్కి, సెట్టింగ్ మాత్రమే మిగిలిన బండ్లు కొన్ని ఉన్నాయి. పూజకు ఇంటి ముందు బండి ఉంటే చాలు అనుకునే వాళ్లు ముందే చెప్పండి. ఆటో ట్రాలీలో పంపిస్తా, పండగయ్యాక మళ్లీ నేనే తెప్పించుకుంటా. ట్రాలీ కిరాయి నాదే. ఇంట్లో ఎవరూ కిక్ కొట్టకుండా మాత్రం చూసుకోండి.